కాఫీ, టీలు – మన ఆరోగ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభ సందర్భమున విజ్ఞాన విషయ మేదేని నాలుగు మాటలలో చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఏమి చెప్పుదునా యని ఆలోచించుచు మొన్న సాయంకాలము మన పఠన మందిరపు అరుగుమీద కూర్చుంటిని. ఎదుటి టీ కొట్టులో పొయ్యి రాజుకొనినది. లోపల పత్రికలు చదువుచున్నవారు ఒక్కొక్కరే లేచి, వెళ్లి, గ్లాసుడు టీ త్రాగి వచ్చి మరల కూర్చుండిరి. ఈ 25 సంవత్సరములలో మన గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములు చేరినవో జాబితా కలదు. చదువరులు త్రాగిన టీకి మాత్రము లెక్క లేదు. కావున ఆ గ్లాసులో ఏమున్నదో, అది మన శరీరమున ఏమి చేయుచున్నదో మనవి చేయుటయే నేటి నా ప్రసంగ విషయము.

నేను కాఫీ ద్వేషిని కానని ముందే విన్నవించుకొనుచున్నాను. వేకువ కాఫీ లేనిదే నాకును దినము ప్రారంభము కాదు. మన అరకు లోయలో గిరిజన సోదరులు పండించు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది మనకు గర్వకారణమే. అయినను నిత్యము ఇంటికి వచ్చు అతిథి గుణగణములు తెలిసియుండుట గృహస్థునకు మంచిది గదా!

కాఫీ గింజలలోను, తేయాకులోను ఉత్సాహము కలిగించు పదార్థమునకు కెఫీను అని పేరు. 1819లో రుంగే అను జర్మను యువ రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని కాఫీ గింజలనుండి వేరుచేసెను. ఆ గింజలు అతని చేతికిచ్చి పరీక్షింపుమని ప్రోత్సహించినవాడు మహాకవి గోథే. టీలోని పదార్థము వేరొకటియని తలచి శాస్త్రజ్ఞులు కొంతకాలము దానికి 'థీను' అని పేరు పెట్టిరి. పిమ్మట రెండును ఒక్కటేయని తేలినది. కావున "నేను కాఫీ మానివేసితిని, టీ మాత్రమే త్రాగుచున్నాను" అనువారు ఇల్లు మారిరి గాని ఊరు మారలేదు.

ఈ కెఫీను పనిచేయు విధము చిత్రమైనది. మనము మేలుకొని పనిచేసినకొలది మెదడులో అడెనోసిను అను పదార్థము పోగగుచుండును. "అలసితివి, ఇక విశ్రమింపుము" అని మెదడునకు కబురు చెప్పునది అదియే. ఆ కబురు అందుటకు మెదడు కణములమీద ప్రత్యేక స్థానములు కలవు. మన పఠన మందిరములోని కుర్చీలవంటివని అనుకొనుడు. చదువరులు రాకముందే ఎవరో వచ్చి కుర్చీలన్నిటిని ఆక్రమించి, తాము చదువక, లేవక కూర్చున్నచో ఏమగును? నిజమైన చదువరులు గుమ్మము వెలుపల నిలిచిపోవుదురు. కెఫీను అట్లే అడెనోసిను కూర్చుండవలసిన చోట తాను కూర్చుండును. అలసట ఎక్కడికిని పోలేదు; అలసట కబురు మాత్రమే ఆగినది. కెఫీను లేచిపోయిన వెంటనే వెలుపల నిలిచినవారందరును ఒక్కుమ్మడిగా లోనికి వత్తురు.

కాబట్టి వట్టి టీ నీళ్లు మనకు బలమునిచ్చునవి కావు. అవి రాబోవు విశ్రాంతి పద్దుమీద నేడు తెచ్చుకొను అప్పు. అప్పు సంగతి మన పల్లెలలో ఎవరికిని నేర్పనక్కరలేదు. అవసరమునకు తెచ్చి సకాలమున తీర్చినచో మేలే చేయును. తీర్చక మరల మరల తెచ్చినచో పొలము గట్టు దాటించును.

ఎంత త్రాగవచ్చును? 1918లో కూనూరున ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శక సూత్రముల ప్రకారము 150 మిల్లీలీటర్ల కప్పు డికాక్షను కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీను ఉండును. ఇన్‌స్టంటు కాఫీలో 50 నుండి 65, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాములు ఉండును. దినమునకు మొత్తము 300 మిల్లీగ్రాములు మించరాదని ఆ సంస్థ సలహా. కాఫీ పొడిలో కలుపు చికోరీలో మాత్రము కెఫీను లేదు.

ఎంత త్రాగితిమనుటయే గాక, ఎప్పుడు త్రాగితిమనుటయు ముఖ్యము. త్రాగిన కెఫీనులో సగము శరీరమునుండి తొలగుటకు సాధారణముగా సుమారు 5 గంటలు పట్టును. సాయంకాలము 6 గంటలకు త్రాగిన దానిలో సగము రాత్రి 11 గంటలకును రక్తములో తిరుగుచుండును. నిద్రకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీను పుచ్చుకొనినవారికి ఒక గంటకు మించి నిద్ర తగ్గినదని 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. పరీక్షలకు రాత్రులు టీలమీద చదువు మన విద్యార్థులు దీనిని గమనింతురు గాక! పగలు చదివినది మనస్సున స్థిరపడుట నిద్రలోనే జరుగును. నిద్రనమ్మి చదువు కొనుట తెలివైన బేరము కాదు. డబ్బాలలో వచ్చు శక్తి పానీయములందలి కెఫీనును ఇదియే. అవి పిల్లలకు తగవని ఆ డబ్బాలమీదనే వ్రాసియుండును.

ఇక నా హృదయమునకు దగ్గరయైన విషయమునకు వచ్చుచున్నాను.

మా తల్లిగారు వేకువనే లేచి ఇంటిల్లిపాదికి వండి వడ్డించి, తాను మాత్రము గ్లాసుడు కాఫీతో మధ్యాహ్నమువరకు గడిపెడివారు. ఆకలి తెలియుటలేదని అనెడివారు. నిజమే, కెఫీను ఆకలిని కొంత మరపించును, తీర్చదు. అన్నము తినగానే మరల ఒక గ్లాసు. కొన్నాళ్లకు ముఖము పాలిపోయినది. రెండు మెట్లు ఎక్కినను ఆయాసము. రక్తము తక్కువగా ఉన్నదని వైద్యులు ఇనుము మాత్రలిచ్చిరి. ఆమె ఆ మాత్రలను ప్రతిదినము తప్పక వేసికొనెడివారు. కాని కాఫీతో వేసికొనెడివారు. నెలలు గడచినను గుణము కానరాలేదు. ఒకనాడు ఒక నర్సమ్మ "దేనితో మ్రింగుచున్నారమ్మా?" అని అడిగినది. ఆ ఒక్క ప్రశ్న వేయుటకు అంతవరకు మా ఇంట ఎవరికిని తోచలేదు. నాలుగక్షరములు చదివిన నాకును తోచలేదు. ఆ సిగ్గు నన్ను నేటికిని విడువలేదు.

ఇందు దోషము కెఫీనుది కాదు. కాఫీ, టీలలో ఒగరు గల టానిను మొదలగు పదార్థములు కలవు. ఆకుకూరలు, పప్పులు, రాగులు మొదలగు వానిలోని ఇనుమును అవి పట్టుకొని రక్తములో చేరనీయవు. ఇనుము మాత్రలకును ఇదియే గతి. మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. దానికి కారణములు అనేకము. చాలని తిండి వానిలో పెద్దది. కాని అసలే తక్కువగా దొరకు ఇనుమును మన చేతులతోనే పోగొట్టుకొనుట ఎందులకు? భోజనమునకు కనీసము ఒక గంట ముందును, ఒక గంట తరువాతను కాఫీ, టీలు త్రాగవలదని పైన చెప్పిన పోషకాహార సంస్థయే హెచ్చరించినది. మాత్రను మంచినీళ్లతో మ్రింగవలెను. భోజనములో నిమ్మకాయ పిండుకొనినచో ఇనుము ఒంటబట్టుటకు అది తోడ్పడును. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. గడియారము చూచుకొనుటయే వైద్యము.

గర్భవతులు మరింత జాగ్రత్త వహింపవలెను. ఆ స్థితిలో కెఫీను శరీరమునుండి చాల మెల్లగా తొలగును. అది బిడ్డకును చేరును. వారు దినమునకు 200 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో నిర్ణయించినది. అనగా రెండు చిన్న కప్పులకు మించరాదు. పసిపిల్లలకు టీలో బిస్కత్తు ముంచి పెట్టు అలవాటు ముద్దుగానే ఉండును గాని, అది పాల చోటును, అన్నము చోటును ఆక్రమించును.

ఏకాదశికో శివరాత్రికో కాఫీయు మాని ఉపవసించినవారిలో కొందరికి సాయంకాలమునకు తల పగిలిపోవును. అది ఉపవాస దోషమని తలతుము. అనేక పర్యాయములు అది అప్పులవాడు తలుపు తట్టుట! నిత్యము త్రాగువారు హఠాత్తుగా మానినచో 12 నుండి 24 గంటలలో తలనొప్పి, మందకొడితనము మొదలై కొన్ని దినములుండును. కావున తగ్గింపదలచినవారు వారమునకొక గ్లాసు చొప్పున మెల్లగా తగ్గించుకొనుట మేలు.

భయపెట్టుట నా ఉద్దేశము కాదు. కాఫీ కేన్సరు కలిగించునను పాత అనుమానమును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2016లో ఉపసంహరించుకొనినది. అయితే 65 డిగ్రీలకు మించిన వేడితో ఏ పానీయము త్రాగినను అన్నవాహికకు ప్రమాదము కలుగవచ్చునని అప్పుడే చెప్పినది. కాబట్టి పొగలు గ్రక్కు టీని గుటుక్కున మ్రింగక, ఆరనిచ్చి త్రాగుడు.

సోదర సోదరీమణులారా! కాఫీ మానుడని నేను చెప్పలేదు. అన్నమునకు బదులు త్రాగకుడు, అన్నముతో త్రాగకుడు, ప్రొద్దు వాలిన పిదప త్రాగకుడు, పసివారికి పోయకుడు. ఇవి నాలుగే మాటలు. నేడు ఇంటికి వెళ్లిన పిదప మీ తల్లిని, భార్యను, కోడలిని ఒక్క ప్రశ్న అడుగుడు: "మాత్ర దేనితో వేసికొనుచున్నావు? ఉదయము ఏమి తింటివి?" ఆ ప్రశ్న నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మీరు ఆలస్యము చేయవలదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొనవలెనని, దీని కుర్చీలు ఎల్లప్పుడును నిజమైన చదువరులతో నిండియుండవలెనని కోరుచున్నాను.