నువ్వెవరు, నీకెవరిష్టం: ఇవి రెండు ప్రశ్నలు

(సోమందేపల్లెలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ సారు, తన పేరు కరపత్రం మీద వేయొద్దనీ, ఊళ్లో ఎవరూ నోరెత్తని విషయమే ఎంచుకోవాలనీ ఇంట్లోవాళ్లకు చెప్పిపోయారట. మొదటి కోరిక నిర్వాహకులు తీర్చారు. రెండోది నా నెత్తిన పెట్టారు. ట్రాన్స్‌జెండర్ మనుషులు మారకముందు ఎవరిని ఇష్టపడతారు, మారాక ఎవరిని ఇష్టపడతారు, ఆ ఇష్టం కూడా మారుతుందా? ఇదీ విషయం. వెనక వరసల్లో నవ్వులు వినబడుతున్నాయి. నవ్వండి, ఫరవాలేదు. నవ్వడం అయ్యాక వినండి.

మన మెయిన్ రోడ్డు అంగళ్లకు వాళ్లు వస్తూనే ఉంటారు. చప్పట్లు కొడతారు, దిష్టి తీస్తారు. అంగడాయన ఇచ్చిన డబ్బుల్లోంచి ఒక రూపాయి బిళ్ల తీసి పంటితో కొరికి తిరిగి ఇస్తారు. ఆయన దాన్ని కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకుంటాడు. బేరాలు బాగా సాగుతాయని నమ్మకం. అంతవరకు మర్యాదే. బిళ్ల గల్లాలో పడ్డాక మాత్రం ఆయన నోట ఒక ప్రశ్న వస్తుంది: "అయితే నీకు మొగోళ్లంటే ఇష్టమా, ఆడోళ్లంటే ఇష్టమా?" ఇదే ప్రశ్నను డాక్టర్లూ లాయర్లూ మరికాస్త నాజూకుగా అడిగారు. ఎవరడిగినా లోపలి లెక్క ఒకటే. మగవాళ్లంటే ఇష్టమని చెబితే ఆడదే కాబోలు అనుకుంటారు. ఆడవాళ్లంటే ఇష్టమని చెబితే వేషమంటారు.

ఈ లెక్క తప్పు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా, అంటే జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ, వేసిన కేసులో తీర్పు చెప్పింది. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీల ధర్మాసనం. మూడో జెండర్‌ను గుర్తించిన తీర్పుగానే అందరికీ తెలుసు. అందులో మరో సంగతి ఉంది. తాను ఎవరన్న ఎరుక వేరు, ఎవరి మీద మనసు పడుతుందన్నది వేరు అని కోర్టు విడదీసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల ఆకర్షణ మారే క్రమంలో గానీ, మారాక గానీ మారనూ వచ్చు, మారకపోనూ వచ్చు అని కూడా రాసింది. పత్రికలు ఆ వాక్యాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మొదట, మారకపోవడం. మగపిల్లవాడని రాయించుకుని పుట్టిన ఒక మనిషికి ఊహ తెలిసినప్పటి నుంచీ మగవాళ్ల మీదే మనసు. లోకం ఆ మనిషిని గే అంది. ఆమె చీర కట్టి ట్రాన్స్ మహిళగా బతకడం మొదలుపెట్టాక, అదే మనసు లోకం దృష్టిలో ఆడది మగవాణ్ని ఇష్టపడటం అయింది. మనసు అంగుళం కదల్లేదు, దాని మీది చీటీ మారింది. ట్రాన్స్ పురుషుల సంగతీ అంతే. "ఇద్దరమ్మాయిలు పారిపోయారు" అని జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు తనను అమ్మాయిగా ఏనాడూ అనుకోని మనిషి కావచ్చు. విలేకరి ఆ మాట అడగడు, పోలీసులూ అడగరు.

చీటీ తప్పుగా అంటిస్తే ఏమవుతుందో ఎయిడ్స్ నివారణ కార్యక్రమంలో చూశాం. చాలాకాలం ట్రాన్స్ మహిళలను కూడా "మగవారితో సంబంధం ఉన్న మగవారు" అనే పద్దులోనే లెక్కించారు. చీర కట్టుకుని కండోమ్ డబ్బా కోసం వచ్చినామె రిజిస్టరులో మగవాడు. వాళ్లకు వేరే పద్దు కావాలని తెలుసుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఇక మారడం. అమెరికాలో ఆన్ లారెన్స్ 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే సర్జన్ దగ్గర ఆపరేషన్ చేయించుకున్న 232 మంది ట్రాన్స్ మహిళలను అడిగితే, అంతకుముందు ప్రధానంగా స్త్రీల పట్ల ఆకర్షణ ఉన్నవారు 54 శాతం, పురుషుల పట్ల 9 శాతం. ఆ తర్వాత అవి 25, 34 అయ్యాయి. జర్మనీలో 2014లో వచ్చిన మరో అధ్యయనంలో ట్రాన్స్ మహిళల్లో మూడోవంతు మంది, ట్రాన్స్ పురుషుల్లో అయిదోవంతుకు కాస్త పైగా తమ ఆకర్షణ మారిందని చెప్పారు. అంటే ఎక్కువమందికి మారలేదు, తక్కువేమీ కానంతమందికి మారింది.

హార్మోన్ మందుల మహిమా ఇది? మన సీమవాళ్లకు బోరు భాషలో చెబితే తేలిక. హార్మోన్ మోటారు వేగాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. టెస్టోస్టిరాన్ మొదలుపెట్టిన ట్రాన్స్ పురుషులకు కోరిక పెరగడం, దాన్ని అణిచే మందులు వాడే ట్రాన్స్ మహిళలకు తగ్గడం మామూలే. నీళ్లు ఏ మడికి పారాలో మాత్రం హార్మోన్ నిర్ణయిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. మరి మారేది ఎందుకు? నాకు తోచింది చెబుతాను. తన ఒళ్లు తనకే పరాయిదిగా ఉన్నప్పుడు మనిషి ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఒక మగవాడు తనను మగవాడనుకుని ప్రేమించడం భరించలేనామెకు, ఆడమనిషిగా చూసి ప్రేమిస్తే లోపల మూసుకున్న తలుపు తెరుచుకోవచ్చు. కొందరి విషయంలో కారణమేమీ ఉండదు, మారుతుందంతే.

అయినా ఆ దేశాల అంకెలను యథాతథంగా మన ఊళ్లకు తెచ్చి అతికించకూడదు. మారకముందు స్త్రీల పట్ల ఆకర్షణ అన్నది ఇక్కడ ఎలా తేలుస్తాం? పెళ్లయిందిగా, పిల్లలున్నారుగా అంటారు. మన సీమలో పెళ్లి మనసును అడిగి జరుగుతుందా? మేనమామ కూతురో, అక్క కూతురో పుట్టినప్పుడే మాట అనుకుంటారు. వానలు లేని ఏడు వాయిదా పడుతుంది, శెనక్కాయ పండిన ఏడు ముహూర్తం పెడతారు. పిల్లవాడు కాస్త నడుము తిప్పుతున్నాడంటే మరీ తొందర, పెళ్లయితే అన్నీ కుదురుకుంటాయని. అలా తాళి కట్టినవాళ్లలో కొందరు నాలుగేళ్లకో పదేళ్లకో బెంగళూరు బస్సెక్కుతారు. పెళ్లిని బట్టి వాళ్ల మనసు ఎటుందో చెప్పడం కుదరదు. వెనక మిగిలిన ఆ మేనమామ కూతురు గురించీ ఒక మాట అనాలి. ఆమె మనసునూ ఎవరూ అడగలేదు. ఈ విషయం మాట్లాడే పెద్దలు, నా బోటి ఉపన్యాసకులతో సహా, ఆమెను తొందరగా దాటేస్తారు. దోషం బస్సెక్కిన మనిషిది కాదు, ముహూర్తం పెట్టినవాళ్లది.

మన దగ్గరి సంగతికి మన దగ్గరి పుస్తకాలే చూడాలి. గాయత్రీ రెడ్డి హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య తిరిగి రాసిన పుస్తకం 2005లో వచ్చింది. అక్కడి జమాత్, అంటే హిజ్రాల సమూహం, భాషలో మగవాడు పంతీ, ఆడతనం ఉన్నవాళ్లు కోతీలు. నిర్వాణం, అంటే అంగం తీయించుకునే ఆపరేషన్, అయినవాళ్లూ, ప్యాంటు చొక్కాతో పెళ్లాం పిల్లలతో కాపురం చేసేవాళ్లూ కోతీలే. ఇంగ్లీషు పుస్తకాల గే, స్ట్రెయిట్ గీతలు అక్కడ నిలబడవు. పైకి కామం వదిలేశామని చెప్పే గురువులూ, లోపల జోడీ కోసం, అంటే మొగుడిలా తోడుండే మనిషి కోసం తపించే చేలాలూ, అంటే శిష్యులూ, అందులో కనిపిస్తారు. బళ్లారి వైపు అమ్మవారికి అంకితమయ్యే జోగప్పలకు ఎల్లమ్మతోనో హులిగెమ్మతోనో ముడి పడుతుంది కాబట్టి ప్రశ్నకు ముందే జవాబు దొరికినట్టు. అలా 1975లో హులిగెమ్మ గుడిలో దీక్ష తీసుకున్న మంజమ్మ జోగతి 2021లో పద్మశ్రీ అందుకుంది. తమిళనాడు రేవతి ఆత్మకథను పి. సత్యవతి "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేశారు, దానికి సాహిత్య అకాడమీ అనువాద బహుమతీ వచ్చింది. సంసారం, మగవాడి ప్రేమ, అది నిలవకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. మన మండల గ్రంథాలయంలో లేకపోతే తెప్పించండి.

ఇష్టాన్ని పరీక్షగా పెట్టడం మన అంగడాయన కనిపెట్టింది కాదు. అమెరికాలో లూ సలివన్ అనే ట్రాన్స్ పురుషుడికి మగవాళ్లంటే ఇష్టం. మగవాడిగా మారతానంటే క్లినిక్కులు తిప్పి పంపాయి. మగవాణ్నే ప్రేమించేటట్టయితే ఆడదానిగానే ఉండొచ్చు కదా అన్నది వాళ్ల తర్కం. ఏళ్ల తరబడి పోరాడి చివరికి సాధించుకున్నాడు, 1991లో చనిపోయాడు. నిజాం రాజ్యంలో, ఫసలీ లెక్కన 1329లో, తెచ్చిన చట్టం ఇంకా మొరటు, ఇష్టం సంగతి అడగనే లేదు. హిజ్రాలకు నపుంసకులని ముద్ర వేసి, పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ప్రతివాడూ నేరం చేయబోతున్నాడన్నట్టే చూసింది. వైజయంతి వసంత మొగ్లి వేసిన వ్యాజ్యంలో 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇప్పటి కోర్టులు దయగానే ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం హిందూ వివాహ చట్టంలోని వధువు అంటే ట్రాన్స్ మహిళ కూడా అంది. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప, పురుషుణ్ని పెళ్లాడిన ట్రాన్స్ మహిళకు భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పెట్టిన సెక్షన్ 498ఎ రక్షణ ఉంటుందని తేల్చారు. పిల్లల్ని కనలేదు కాబట్టి ఆడది కాదన్న వాదనను ఒప్పుకోలేదు. ఆ కేసులో ఆరోపణలకు ఆధారం చాలక దాన్ని కొట్టేశారు, అది వేరే సంగతి. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించలేమంటూనే, స్త్రీ పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్లు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చంది.

ఇక్కడే చిక్కు. ఈ తీర్పులన్నీ మగవాణ్ని ప్రేమించే ట్రాన్స్ మహిళకు, ఆడమనిషిని ప్రేమించే ట్రాన్స్ పురుషుడికి పనికొస్తాయి. స్త్రీని ప్రేమించే ట్రాన్స్ మహిళ సంగతి? 2019 నాటి ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం తెచ్చిన గుర్తింపు పత్రం దరఖాస్తులో నీకెవరిష్టం అన్న గడి లేదు, మంచిదే. పెళ్లి హక్కు గురించి మాత్రం ఆ చట్టం ఏమీ చెప్పలేదు. కాగితం మీద మగవాడిగా ఉండిపోతే ఆమె తాను ప్రేమించిన అమ్మాయిని రిజిస్టరు పెళ్లి చేసుకోవచ్చు. స్త్రీ అని పత్రం తెచ్చుకుంటే ఆ పెళ్లి కుదరదు. ఒకవేళ ముందే పెళ్లయి, ఆ మేనమామ కూతురు కూడా "నువ్వు ఎట్లున్నా నాతోనే ఉండు" అంటే, పత్రం చేతికొచ్చాక ఆ పెళ్లి ఏమవుతుందో చెప్పే సెక్షన్ ఆ చట్టంలో లేదు.