మందు ఆగిన మూడో రోజు

మొన్న శుక్రవారం క్యాంపులో మాట్లాడింది రాసి పంపమని కొందరు అడిగారు. డ్యూటీ ఉండి రాలేని వాళ్ళ కోసం పంపుతున్నాను.

నేను డాక్టర్ని కాదు. తాగుడు పాపమని చెప్పడానికీ నిలబడలేదు. "ఖతర్‌లో మందు దొరకదు, అక్కడికి పోతే వాడే బాగుపడతాడు" అని ఊళ్ళో అంటుంటారు. అందుకోసమే కొడుకుని విమానం ఎక్కించే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఆ మాటలో ప్రమాదం ఉంది.

మందు మెదడుని మత్తులో అణిచిపెడుతుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడి మెదడు దానికి ఎదురు నిలబడడానికి తన వేగం పెంచుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆగితే ఆ వేగానికి బ్రేకు ఉండదు. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజు అటూ ఇటూగా కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం వరస కట్టింది ఇందుకే. రోజూ తాగేవాడికి దోహా విమానం ఎక్కడం కూడా లాక్‌డౌనే.

నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు మనోళ్ళు "కల్లే కదా" అంటారు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నట్టు ఎక్సైజు వాళ్ళ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. అవి నిద్రమందులు. అవి ఆగినా వణుకు, ఫిట్సే. అట్లని ఆ మాత్రలు బ్యాగులో వేసుకుని మాత్రం రాకండి. డాక్టరు చీటీ లేకుండా దొరికితే ఇక్కడ డ్రగ్స్ కేసు.

కొత్తగా వచ్చిన పిల్లగాడు వణుకుతుంటే ఇంటి మీద బెంగ అనుకుంటాం, లేదా ఎండదెబ్బ అనుకుని నీళ్ళు తాగించి పడుకోబెడతాం. ముందు ఒకటి అడగండి: చివరిసారి ఎప్పుడు తాగినవ్? ఆస్పత్రిలో దాచొద్దు. "రోజ్ దారూ పీతా థా, అభీ బంద్ హువా" అని ఒక్క ముక్క చెబితే డాక్టరుకి దారి దొరుకుతుంది. దీనికి మందులున్నాయి, చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గుతుంది.

ఈ వణుకు తట్టుకోలేకే కొందరు చాటుగా అమ్మే సరుకు వెతుక్కుంటారు. ఇక్కడ లైసెన్సు ఉన్న హోటళ్ళలో దొరికేది మన జీతానికి అందేది కాదు. రూముల్లో దొరికేది ఎవరు కాచారో, ఏం కలిపారో తెలియదు. అందులో మిథనాల్ ఉంటే రంగుతో, వాసనతో మనం కనిపెట్టలేం. 2025 ఆగస్టులో కువైట్‌లో అదే జరిగింది. 160 మంది ఆస్పత్రి పాలైతే 23 మంది చనిపోయారు. 20 మందికి పైగా చూపు పోయింది లేదా తగ్గింది. ఆస్పత్రి పాలైన వాళ్ళలో మన భారతీయులూ ఉన్నారు.

మిథనాల్ తాగగానే మామూలు మత్తులాగే ఉంటుంది. లివరు దాన్ని ఫార్మిక్ యాసిడ్‌గా మార్చాక అసలు విషం మొదలవుతుంది. దానికి సగం రోజు, ఒక్కోసారి రోజుకి పైనే పడుతుంది. అప్పుడు కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ళ ముందు మంచు కప్పినట్టు మసక. పక్కవాళ్ళేమో "రాత్రి ఎక్కువైంది, పడుకుంటే దిగుతుంది" అంటారు. పోలీసు భయంతో తలుపు వేసుకుంటారు. చూపు పోయేది ఆ గంటల్లోనే. ఆస్పత్రిలో విరుగుడు ఉంది, డయాలసిస్ ఉంది, కానీ టైముకి చేరాలి. 999కి ఫోన్ చేయండి. అదే సీసాలో తాగినవాళ్ళందర్నీ తీసుకుపోండి, మాకేం కాలేదన్నా సరే.

ఇక లీవు సంగతి. "ఇరవై రెండు నెలలు ముట్టలేదు, రెండు నెలలు తాగితే ఏమైతది" అంటారు. లివరు నొప్పితో చెప్పే అవయవం కాదు. మొదట దానికి కొవ్వు పడుతుంది, అప్పుడు మానేస్తే చాలావరకు బాగవుతుంది. ముదిరి గట్టిపడ్డాక పొట్టలో నీరు, పచ్చ కళ్ళు, రక్తపు వాంతి. క్లోమం వాస్తే పొట్టలో లేచిన నొప్పి వీపులోకి పోతుంది, మనోళ్ళు గ్యాసని ఈనో కలుపుకుంటారు. ఎక్కువ ఏళ్ళు తాగినవాళ్ళకి అరికాళ్ళు మొద్దుబారతాయి. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే. స్కఫోల్డింగ్ మీద పాదానికి పైపు తెలియకపోతే బెల్టు కట్టుకున్నా దినదినగండమే.

లీవు మీద పోయేవాళ్ళు అక్కడ ఒకసారి ఎల్ఎఫ్‌టీ చేయించుకోండి. అది లివరుకి చేసే రక్తపరీక్ష. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద సర్కారు దవాఖానలో రక్తం ఇస్తే డబ్బులు తీసుకోరు. రిపోర్టు ఫోటో తీసి ఫోనులో పెట్టుకుని రండి, ఇక్కడి డాక్టరుకి చూపించొచ్చు.