వేసవి ఛాయాచిత్రములు – గ్రామ సంపదకు సాక్ష్యములు

(పంచాయతీ సభ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేసవిలో పొలము పనులు తగ్గును. బడులకు సెలవులు వచ్చును. ఈ రోజులలో గ్రామమందలి బాలబాలికలను వెంటబెట్టుకొని ఒక ఉదయము చెరువుగట్టు మీదుగా, పోరంబోకు భూములగుండా నడచి, అచట కనిపించు పక్షులకును, సీతాకోకచిలుకలకును, అడవి పూవులకును ఛాయాచిత్రములు తీయవలసినదిగా మిమ్ము కోరుచున్నాము. పూవులకు, సీతాకోకచిలుకలకు చేతనున్న సెల్‌ఫోను చాలును.

దీనివలన పంచాయతీకి ఏమి లాభమని మీరడుగవచ్చును. 2002 నాటి జీవవైవిధ్య చట్టము 41వ సెక్షను ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. ఊరి మొక్కలను, జంతువులను, వానిని గూర్చి పెద్దలకు తెలిసిన సంగతులను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాయించుట ఆ కమిటీ పని. తేదీ, స్థలము గుర్తించిన ఛాయాచిత్రము ఆ రిజిస్టరుకు మంచి ఆధారము. రేపు పోరంబోకును చదును చేయవలెనన్న తీర్మానము మీ ముందుకు వచ్చినప్పుడు, అచట ఏమున్నదో తెలిసి నిర్ణయించుటకు అది తోడ్పడును.

ఉదయము ఆరు మొదలు ఎనిమిది గంటల వరకు వెలుగు మెత్తగా నుండును. సూర్యుడు మన వీపు వెనుక నుండునట్లు నిలువవలెను. పూవు నొక్కదానినే తీసిన చాలదు. ఆకును, కాయను, మొక్క నంతటిని వేరువేరుగా తీసిననే గుర్తుపట్టుటకు వీలగును. ఫాల్గుణములో ఆకురాల్చిన కొమ్మలపై మోదుగ, ఏప్రిల్, మే నెలలలో పసుపు గుత్తులతో రేల మనకు కనువిందు చేయును.

సీతాకోకచిలుకలు ఎండకాలములో ఉప్పులకొరకు తడియిసుకపై గుంపుగా వ్రాలును. మన నీడ వానిపై పడకుండ, వంగి, మెల్లగా సమీపింపవలెను. లేత పసుపురంగు సీతాకోకచిలుకలు తంగేడు, రేల ఆకులపై గుడ్లు పెట్టును. నారింజరంగువి కొన్ని జిల్లేడుపై పెట్టును. పనికిరాని తుప్పయని తంగేడును కొట్టించినచో ఆ పురుగుల మేత పోవును; మరుసటేడు ఆ రెక్కలు మన కంటబడవు.

పక్షుల విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. తీతువు కూసిన అపశకునమని కొందరందురు. అది అరచునది తన గుడ్లకొరకు. ఈ పక్షి చెట్టుపై గూడు కట్టదు. బీడునేలపై చిన్నపల్లములో సాధారణముగా నాలుగు గుడ్లు పెట్టును. మచ్చలుగల ఆ గుడ్లు గులకరాళ్లలో కలసిపోవును. ఎండ మండునప్పుడు తల్లిదండ్రులు వానిపై నిలిచి నీడ యిచ్చును. పొట్ట యీకలు నీట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరచును. ఫొటోకొరకు మనమచట కూర్చున్నంతసేపు అవి దరికి రాలేవు. మే నెల యెండకు గుడ్లలోని పిల్లలు చచ్చును. కావున తీతువు తలపై తిరుగుచు అరచిన వెంటనే వచ్చిన దారినే వెనుదిరుగవలెను.

పాలపిట్ట వేసవిలో చెట్టుతొర్రలలో పిల్లలను చేయును. ఎండుచెట్లను వేలము వేయుటకు ముందు తొర్రలను దూరమునుండి పరిశీలింపుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవి పక్షుల గుడ్లను పాడుచేయుటను, గూళ్లను కదలించుటను వేటగానే నిర్వచించినది. ఈ మాట పిల్లలకు ముందుగా చెప్పవలెను.

గుంటూరు సమీపమునగల ఉప్పలపాడు గ్రామపు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లపై గూళ్లు కట్టుకొనుచున్నవి. గట్టుమీద నిలిచియే వానిని చూడవచ్చును, చిత్రములు తీయవచ్చును. ఊరిచెంతనే పక్షులు నిర్భయముగా బ్రతుకగలవనుటకు ఆ చెరువే నిదర్శనము.

తీసిన చిత్రములను రాబోవు గ్రామసభలో చూపుడు. పశువుల కాపరులును, వృద్ధులును ఒక్కొక్క మొక్కకు, పిట్టకు మీ ఊరిలో వాడుకనున్న పేరు చెప్పుదురు. ఆ పేర్లు వారితోనే పోకుండ చిత్రము ప్రక్కనే వ్రాసి, రిజిస్టరున చేర్పుడు. ఈ వేసవిలోనే ఒక ఉదయమును ఇందులకు కేటాయింతురని ఆశించుచున్నాము.