మాట్లాడే ముందు వినే రేడియో: ఛానల్ ఖాళీగా ఉందని సెన్సార్‌కి ఎలా తెలుస్తుంది?

ఈ ఎపిసోడ్ మా ఎనుమాముల నుంచే. ఇక్కడ మిర్చి మార్కెట్ సంగతి మీకు తెలుసు. అమ్ముడుపోని మిర్చి కోల్డ్ స్టోరేజీలకి వెళ్తుంది. అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీలో ఇరవై వైర్‌లెస్ టెంపరేచర్ సెన్సార్లు పెట్టామనుకోండి. అన్నీ బ్యాటరీ మీద నడవాలి, అన్నీ ఒకే ఛానల్‌లో మాట్లాడాలి. రెండు ఒకేసారి మాట్లాడితే గేట్‌వేకి రెండూ అర్థం కాకపోవచ్చు. కూలింగ్ ఆగిపోయిందన్న అలర్టే అలా పోతే? లోపలున్నది రైతు ఏడాది కష్టం.

అందుకే సెన్సార్ పంపే ముందు ఛానల్ చెక్ చేస్తుంది. జిగ్‌బీకి పునాది అయిన ఐఈఈఈ 802.15.4 స్టాండర్డ్‌లో, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఇది ఎలా జరుగుతుందో చూద్దాం.

మొదటి పని వినడం కాదు, ఆగడం! 0 నుంచి 7 మధ్య ఒక నంబర్ ర్యాండమ్‌గా తీసుకుంటుంది. ఒక్కో నంబర్‌కి 320 మైక్రోసెకన్లు. ఎందుకిలా? కరెంట్ పోయి వస్తే అన్ని సెన్సార్లకీ ఒకేసారి చెప్పాల్సిన మాట ఉంటుంది. అన్నీ ఒకేసారి విని, "ఖాళీగానే ఉంది" అనుకుని, ఒకేసారి అరుస్తాయి. లాటరీ తీస్తే తలా ఒక టైమ్ వస్తుంది.

తర్వాత వింటుంది, 128 మైక్రోసెకన్లే. గాలిలో సిగ్నల్ శక్తి ఒక హద్దు దాటిందా? లేదా తన భాషలాంటి సిగ్నల్ ఉందా? ఖాళీ అయితే పంపేస్తుంది. బిజీ అయితే ఈసారి 0 నుంచి 15, ఆ తర్వాత 0 నుంచి 31. మామూలు సెట్టింగ్‌లో ఐదుసార్లు విన్నా బిజీ అయితే, "నా వల్ల కాలేదు" అని పై సాఫ్ట్‌వేర్‌కి చెప్పేస్తుంది.

మరి ఎప్పుడూ వింటూనే ఉండొచ్చు కదా? అక్కడే ఉంది అసలు ఖర్చు. ఒకప్పుడు పాపులర్ అయిన సీసీ2420 అనే చిప్ ఫుల్ పవర్‌లో పంపడానికి 17.4 మిల్లీయాంప్స్ తీసుకుంటుంది, వినడానికి 18.8! అంటే మాట్లాడటం కన్నా వినడమే ఖరీదు. 2500 ఎంఏహెచ్ బ్యాటరీ నాన్‌స్టాప్‌గా వింటే దాదాపు 133 గంటలు, ఆరు రోజులు కూడా రాదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి, వినడం నుంచి పంపడానికి మారడానికి 192 మైక్రోసెకన్ల దాకా పడుతుంది. ఆ టైమ్‌లో రేడియో చెవిటిదే. రెండోది ఇంకా పెద్దది. కోల్డ్ స్టోరేజీ గదుల మధ్య గోడలు మందం. ఒక గదిలో సెన్సార్ మాట పక్క గదిలో సెన్సార్‌కి వినపడకపోవచ్చు, కానీ వరండాలో ఉన్న గేట్‌వేకి ఇద్దరిదీ వినపడుతుంది. ఇద్దరూ విన్నారు, ఇద్దరికీ నిశ్శబ్దమే, ఇద్దరూ మాట్లాడారు. గేట్‌వే దగ్గర గొడవ! దీన్నే హిడెన్ నోడ్ ప్రాబ్లమ్ అంటారు.

గుర్తుంచుకోవాల్సింది ఇదే: నా దగ్గర నిశ్శబ్దంగా ఉంటే, వినేవాడి దగ్గర కూడా నిశ్శబ్దంగా ఉన్నట్టు కాదు. ఛానల్ చెక్ గొడవల్ని తగ్గిస్తుంది, మాట చేరిందని గ్యారంటీ ఇవ్వదు. ఆ గ్యారంటీ ఇచ్చేది గేట్‌వే నుంచి తిరిగొచ్చే "అందింది" అన్న అక్నాలెడ్జ్‌మెంట్.

కాబట్టి మీ ప్రాజెక్ట్‌లో మూడు పనులు చేయండి. అక్నాలెడ్జ్‌మెంట్ ఆన్ చేసి, రాకపోతే మళ్లీ పంపించండి. అన్ని సెన్సార్లనీ ఒకే నిమిషానికి లేపకండి. పంపిన ప్యాకెట్లు కాదు, గేట్‌వేకి చేరినవి లెక్కపెట్టండి.

డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!