ముసలి కుక్కకి ఇన్సూరెన్స్: ప్రీమియం పెరిగితే కట్టాలా, మానాలా?

 

ఈ రోజు టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, మీరు పంపిందే. పోయిన నెల కుక్కల తిండి గురించి ఎపిసోడ్ పెట్టినాక ఒకే రకం మెసేజ్‌లు వరసగా వచ్చినాయి. "బ్రో, మా కుక్కకి తొమ్మిదేళ్ళు. పెట్ ఇన్సూరెన్స్ రెన్యువల్ వచ్చింది. పోయిన ఏడాది కట్టినదానికి దాదాపు డబుల్ అడుగుతున్నారు. కట్టాలా, వదిలేయాలా?" బెంగుళూరు నుంచి అడిగినారు, హైదరాబాద్ నుంచి అడిగినారు, డాలస్ నుంచి ఒక అక్క కూడా అడిగింది. మా ఆలూరు నుంచి మాత్రం ఒక్కరూ అడగలేదు. ఎందుకో కూడా చెప్తా.

ముందే ఒక మాట. ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు. నేను ఏజెంట్‌ని కాదు, పశువుల డాక్టర్‌నీ కాదు. బీటెక్ చదివి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు మాట్లాడుతున్నవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఒక ఎక్సెల్ షీట్ తెరిచి లెక్క వేయడం. ఇంట్లో ఎనిమిదేళ్ళు దాటిన కుక్క ఉంది కాబట్టి ఆ లెక్క నాకూ అవసరమే.

మీ టైమ్ వేస్ట్ కాకుండా ఆన్సర్ ముందే చెప్పేస్తా. ప్రీమియం ఎంత పెరిగిందని చూస్తే ఏమీ తేలదు. ఈ పాలసీ నా కుక్కకి రాబోయే జబ్బుకి, నేనుండే ఊర్లో, నిజంగా డబ్బు ఇస్తుందా? ఇస్తుందంటే పళ్ళు బిగబట్టి కట్టండి. ఇవ్వదంటే అదే డబ్బు, అదే తారీఖున, మీ పేరు మీదే దాచండి. కట్టకుండా, దాచకుండా ఊరుకోవడం మాత్రం వద్దు. ఇప్పుడు ఎందుకో చూద్దాం.

రేటు ఎందుకు పెరుగుతుంది? ఇన్సూరెన్స్ అంటే చిట్టీ లాంటిది అనుకోండి. వంద మంది డబ్బు వేస్తారు, ఎవరికి కష్టం వస్తే వాళ్ళు తీసుకుంటారు. రెండేళ్ళ కుక్కల గుంపులో జబ్బు పడేవి తక్కువ. తొమ్మిదేళ్ళ కుక్కల గుంపులో పళ్ళు, కిడ్నీలు, గుండె, గడ్డలు, కీళ్ళు, అన్నీ ఒకేసారి క్యూ కడతాయి. దానికి తోడు వైద్యం కూడా మారింది. మన చిన్నప్పుడు కుక్కకి ఒక సూది వేసి పంపేవాళ్ళు. ఇప్పుడు పెద్ద ఊర్లలో స్కానింగ్, డయాలసిస్, క్యాన్సర్‌కి కీమో కూడా కుక్కలకి చేస్తున్నారు. బిల్లు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది. ఇంకోటి ఉంది. రేటు పెరగగానే ఆరోగ్యంగా ఉన్న కుక్కల వాళ్ళు చిట్టీలోంచి వెళ్ళిపోతారు. జబ్బు కుక్కల వాళ్ళు మిగులుతారు. అప్పుడు రేటు ఇంకా పెరుగుతుంది.

ఇది మన దేశం కథే అనుకోవద్దు. కుక్కకి ఇన్సూరెన్స్ పాలసీ మొదట 1924లో స్వీడన్‌లో ఇచ్చినారు. బ్రిటన్‌లో 1947లో మొదలైంది. అమెరికాలో 1982లో మొదటి పాలసీ ఎవరికి ఇచ్చినారో తెలుసా? టీవీలో లాస్సీ వేషం వేసే కుక్కకి. అదే కంపెనీ తర్వాత నేషన్‌వైడ్ అనే పెద్ద సంస్థలో కలిసింది. ఆ నేషన్‌వైడ్ 2024 జూన్‌లో ఏం చెప్పిందంటే, దాదాపు లక్ష పెట్ పాలసీలు ఇక రెన్యువల్ చేయము అని. కారణంగా చూపింది వైద్యం ఖర్చులు పెరగడమే. అట్లాంటప్పుడు ఇంకో కంపెనీకి పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. కానీ కొత్త కంపెనీ దగ్గర మీ కుక్క పాత జబ్బులన్నీ 'ముందే ఉన్న జబ్బులు' అయిపోతాయి. వాటికి పైసా రాదు. ముసలి కుక్క ఉన్నవాళ్ళు ఇరుక్కునేది ఇక్కడే.

అందుకే డాలస్ అక్కా, మీకు నేను చెప్పేది: కోపంలో కంపెనీ మార్చొద్దు. ముందు అదే పాలసీలో మీటలు తిప్పి చూడండి. డిడక్టిబుల్, అంటే మొదట మీరు పెట్టుకునే డాలర్లు, పెంచండి. బిల్లులో 90 శాతం వెనక్కి ఇచ్చే ప్లాన్ అయితే 70కి దించండి. టీకాలు, పళ్ళ క్లీనింగ్ కోసం పెట్టిన వెల్‌నెస్ యాడ్-ఆన్ తీసేయండి, అది మీ డబ్బే మీకు తిప్పి ఇచ్చేది. ఈ మూడూ చేస్తే ప్రీమియం కిందికి దిగుతుంది, పెద్ద ఆపరేషన్‌కి కవర్ మిగులుతుంది. పాత జబ్బులకి రక్షణా పోదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దేశంలో కుక్కల పాలసీలు ఇచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి. జాతి కుక్కలకే కాదు, నాటు కుక్కలకి ఇచ్చేవీ ఉన్నాయి. కానీ పాలసీ కాగితం తెరిచి మూడు లైన్లు వెతకండి. ఒకటి, ఎన్నేళ్ళ వరకు కొత్తగా తీసుకుంటారు. రెండు, ఎన్నేళ్ళకి కవర్ ఆగిపోతుంది. మూడు, ఏ జబ్బులకి ఇవ్వరు. పాలసీని బట్టి మారుతుంది గానీ, ఏడెనిమిదేళ్ళు దాటితే కొత్తగా తీసుకోరు, పదేళ్ళకి ఆపేస్తారు అనేది ఎక్కువగా కనిపించే లెక్క. గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతులకి ఇంకా ముందే ఆపేసేవీ ఉన్నాయి. లాబ్రడార్ మామూలుగా పది, పన్నెండేళ్ళు బతుకుతుంది. అంటే ఏంది? అసలు అవసరం మొదలయ్యే పుట్టినరోజున గొడుగు మడిచి లోపల పెట్టేస్తారు.

నా లెక్కే చూపిస్తా. మా జిమ్మీ లాబ్రడార్ క్రాస్. నేను బెంగుళూరులో ఉద్యోగం చేసేటప్పుడు తీసుకున్న పాలసీ. నాలుగేళ్ళలో నేను కట్టింది 3,600, 4,300, 5,400, 7,900. మొత్తం 21,200 రూపాయలు. ఈ ఏడాది అడిగింది 9,400. వచ్చే ఏడాది 12,000 అనుకుందాం. ఆ తర్వాత వాడికి పదేళ్ళు, పాలసీ క్లోజ్. అంటే మిగిలిన రెండేళ్ళకి 21,400. కవర్ 50,000. కానీ ప్రతి బిల్లులో 20 శాతం నేనే పెట్టుకోవాలి. అంటే నేను కట్టిన 21,400 నాకు వెనక్కి రావాలన్నా, ఈ రెండేళ్ళలో కంపెనీ ఒప్పుకునే బిల్లులు 26,750 రూపాయలకి రావాలి.

కంపెనీ ఒప్పుకునే బిల్లులు అన్నాను, గమనించండి. జిమ్మీకి అసలు ఖర్చు యాడ అవుతోంది? టీకాలు, నట్టల మందు, పిడుదుల మందు, తిండి. ఇవేవీ కవర్‌లో లేవు. వెనక కాలు కీలు నొప్పి ఉంది, అది పాలసీలో మినహాయింపు. కాబట్టి నేను కొంటున్నది ఒక్కటే: అనుకోకుండా వచ్చే పెద్ద ఆపరేషన్‌కి 40,000 వరకు సాయం.

ఆ ఆపరేషన్ యాడ చేయిస్తా? ఉద్యోగం వదిలి ఆలూరు వచ్చేసినా. ఈడ పశువులాసుపత్రి ఉంది. టీకా, జ్వరం, గాయం, కుట్లు, ఇంతవరకు సరే. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరు ఉంది, కానీ అది ముఖ్యంగా రైతుల ఆవులు, గేదెలు, గొర్రెల కోసం. ఆపైన ఏం కావాలన్నా ఆదోని, కర్నూలు, బళ్ళారి వైపు చూడాలి. పెద్ద కేసైతే ప్రొద్దుటూరులోనో తిరుపతిలోనో వెటర్నరీ కాలేజీ, లేకపోతే బెంగుళూరు హెబ్బాళ. ప్రభుత్వ కాలేజీ ఆసుపత్రుల్లో ఫీజు ప్రైవేటు కంటే బాగా తక్కువ. కానీ కారు బాడుగ, ఇద్దరికి రెండు రోజులు రూము, తిండి, నాయనకి సేద్యం పని ఆగడం, ఇవన్నీ కలిపితే ఆపరేషన్ బిల్లునే మించిపోతాయి. నా పాలసీ కాగితంలో బాడుగ అనే మాటే లేదు. ఆలూరులో ఎవరూ ఇన్సూరెన్స్ గురించి అడగకపోవడానికి కారణం ఇదే. మనకి కొరత పాలసీది కాదు, దూరానిది.

నాయన అయితే ఒకే మాట అన్నాడు. "మనకి ఆరోగ్యశ్రీ కార్డుంది. కుక్కకి ఏం కార్డురా?" నవ్వినాను గానీ, ఆ మాటలో పాయింట్ ఉంది. మన దగ్గర గొర్రెలకి, పశువులకి ఇన్సూరెన్స్ కొత్తేం కాదు. చెవికి ట్యాగ్ వేస్తారు. కేంద్రం 2024 ఫిబ్రవరిలో జాతీయ పశుసంవర్ధక మిషన్ కింద రైతు వాటాని ప్రీమియంలో 15 శాతానికి తగ్గించింది. మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. గొర్రె చస్తే ఒక ఇల్లు కుదేలవుతుంది కాబట్టి అది న్యాయమే. కానీ ఆ మందని రాత్రంతా కాచే కుక్కకి ఆ లిస్టులో చోటు లేదు. దాని సంగతి యజమాని చూసుకోవాల్సిందే. అంటే మనమే.

సరే, నేనేం చేసినాను? రెన్యువల్ తారీఖున ఆ 9,400 ఒక వేరే అకౌంట్‌లో వేసినా. అదే రోజు బ్యాంక్ యాప్‌లో నెలకి వెయ్యి చొప్పున ఏడాది ఆర్‌డీ పెట్టినా. రెండూ కలిపితే 21,400, కంపెనీకి రెండేళ్ళలో ఇవ్వాల్సిన డబ్బే, పైన వడ్డీ. ఆర్‌డీ మధ్యలో తెంచినా కొంచెం వడ్డీ పోతుంది, అసలు పోదు. బాడుగకి వాడొచ్చు, కీలు నొప్పి మందుకి వాడొచ్చు. పదేళ్ళు దాటినాక కూడా ఆ డబ్బు అక్కడే ఉంటుంది.

దీంట్లో రిస్క్ లేదా? ఉంది, దాచను. మూడో నెలలోనే 50,000 బిల్లు వస్తే నా దగ్గర ఉండేది పన్నెండు వేలు. ఆ రోజు ఇన్సూరెన్స్ ఉన్నవాడే గెలుస్తాడు. కాబట్టి మీరు పెద్ద ఊర్లో ఉండి, కుక్కకి ఇంకా ఆరేడేళ్ళే అయ్యుండి, కాగితాల్లో పాత జబ్బు ఏదీ లేకపోతే, పాలసీ ఉంచుకోండి. పక్కన ఫండ్ కూడా మొదలుపెట్టండి. పాలసీ ఆగే వయసుకి ఫండ్ రెడీగా ఉంటుంది. చిప్ వేయిస్తే ప్రీమియంలో కొంత తగ్గించే పాలసీలు ఉన్నాయి, అడగండి. క్లెయిమ్ అన్యాయంగా ఆపినారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా కంప్లెయింట్ పెట్టండి, తర్వాత 'బీమా భరోసా' పోర్టల్, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. లాయర్ అక్కర్లేదు.

ఇప్పుడు బిల్లు రాకుండా చేసే పనులు. ఇవి చవక.

ఫస్ట్, బరువు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కల మీద ఒక స్టడీ చేసి 2002లో ప్రచురించినారు. సగం వాటికి మిగతా సగం కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టినారు. తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్ళు ఎక్కువ బతికినాయి, కీళ్ళ నొప్పులు కూడా ఆలస్యంగా వచ్చినాయి. పెరుగన్నం రెండో గిన్నె పెట్టే అమ్మలకి ఈ వీడియో పంపండి. మా అమ్మకి ఆల్రెడీ పంపినా.

సెకండ్, పిడుదులు. మన ఎండలకి పిడుదుల జ్వరం పెద్ద శత్రువు. నెల నెలా వేసే మందు, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే ఖర్చు ముందు లెక్కే కాదు.

థర్డ్, ఆడకుక్క అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. వయసు మీద పడినాక గర్భసంచిలో చీము పట్టి, అర్ధరాత్రి ప్రాణం మీదికి వచ్చే కేసు ఇది. ముందే ఆపరేషన్ చేయిస్తే ఆ భయం పోతుంది.

ఫోర్త్, రేబిస్ టీకా. జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం. 1885లో అదే రోజున పాశ్చర్ మొదటిసారి రేబిస్ టీకా ఒక పిల్లాడికి వేసినాడు. మన రాష్ట్రంలో ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఫ్రీగా వేస్తారు.

లాస్ట్, మెడికల్ షాపులో మనం వాడే నొప్పి మాత్రలు కుక్కకి వేయొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపునీ కిడ్నీలనీ పాడు చేస్తాయి. పది రూపాయల మాత్ర యాభై వేల బిల్లు తెస్తుంది.

ఒక కష్టమైన విషయం చెప్పి ఆపేస్తా. ఇంట్లో అందరూ కూర్చుని, కుక్క బాగున్నప్పుడే ఒక మాట అనుకోండి. పెద్ద జబ్బు వస్తే ఎంత వరకు పోతాం? ఎంత దూరం తీసుకుపోతాం? వాడికి నొప్పే మిగిలితే, డాక్టర్ ఇక లాభం లేదంటే, నిద్రపుచ్చడానికి ఒప్పుకుంటామా? మా ఇంట్లో ఈ మాట అడిగినప్పుడు అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. మళ్ళా వచ్చి, "ఫండు ఉన్నంత వరకు చేద్దాం, అప్పు మాత్రం తేవద్దు, వాణ్ణి నొప్పితో ఉంచొద్దు" అన్నది. అంతే, తేలిపోయింది. రాత్రి రెండు గంటలకి, ఏడుస్తూ, ఆసుపత్రి కౌంటర్ దగ్గర తీసుకోవాల్సిన నిర్ణయం కాదిది.

మెసేజ్‌లో ఒకరు రాసినారు, "ప్రీమియం ఆపేస్తే వాణ్ణి మోసం చేసినట్టు అనిపిస్తోంది" అని. తమ్ముడూ, కుక్కకి ప్రీమియం తెలీదు. నువ్వు ఇంటికి వచ్చే టైమ్ తెలుసు. అది తప్పకుండా, డబ్బు పక్కన పెట్టి, నొప్పి వచ్చినప్పుడు తీసుకుపో. చాలు.

మీ పాలసీలో కవర్ ఎన్నేళ్ళకి ఆగుతుందో ఈ రోజే చూసి కామెంట్‌లో పెట్టండి, అందరికీ పనికొస్తుంది. మళ్ళా కలుద్దాం. ఉంటా.