ఊరూరా నాట్: నగర్‌నార్ దారుల్లో ఒక చిన్న బృందం బ్రతుకు
(ప్రసంగ పాఠం)



భారతదేశ పటంలో రాష్ట్రాల సరిహద్దు గీతలు ఎన్నోసార్లు మారాయి. ఆ గీతలను దాటి రాకపోకలు సాగించే మనుషుల బాటలు మాత్రం అంత సులభంగా మారలేదు. ఇందుకు చక్కని నిదర్శనం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బస్తర్ జిల్లాలో కనిపిస్తుంది. జగదల్‌పూర్ పట్టణం నుండి ఒడిశా సరిహద్దు వైపు సాగే దారిలో, పట్టణానికి సుమారు 16 కిలోమీటర్ల దూరాన నగర్‌నార్ ఉన్నది. నేడు ఆ పేరు వినగానే ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. ఆ కర్మాగారం పునాదులు వేయడానికి ఎంతో ముందు నుండే ఆ ప్రాంతపు పల్లెల్లో ఒక కళ వర్ధిల్లుతూ వచ్చింది. అదే భత్రా నాట్. భత్రా గిరిజనులు తెల్లవార్లూ ఆడే నాటకం అది. ఆ నాటకాన్ని ఊరూరా మోసుకుపోయే చిన్న బృందాల బ్రతుకు ఎలా సాగుతుందో తెలుసుకోవడం ఈ ప్రసంగం ఉద్దేశ్యం.

నాట్ ఆడేవారు వృత్తి నటులు కారు. వరి పండించే రైతులు, కూలి చేసుకునే యువకులు. స్త్రీ పాత్రలను సైతం పురుషులే ధరిస్తారు. వారికి కంపెనీ లేదు, యజమాని లేడు, టిక్కెట్టు లేదు. బృందానికి పెద్దదిక్కు నాట్ గురువు. పాఠం నేర్పేవాడు ఆయనే, వేదిక పక్కన నిలబడి పాట ఎత్తుకునేవాడు ఆయనే. గురువు పాట అందుకోగానే పాత్రధారి అడుగు వేస్తాడు. పాట ముగిశాక మాట అందుకుంటాడు. కథలు చాలావరకు రామాయణ భారతాలవి. అందులోనూ యుద్ధ ఘట్టాలంటే అక్కడి ప్రేక్షకులకు మక్కువ. అభిమన్యు వధ, కీచక వధ, జరాసంధ వధ, రావణ వధ వంటివి వారికి ప్రియమైనవి. మృదంగం, నగారా, తాళాలు, మోహరి ఈ ఆటకు ప్రాణం. మోహరి మన సన్నాయి జాతికి చెందిన ఊదుడు వాద్యం.

ఈ బృందం ప్రయాణాలకు పంచాంగం వ్యవసాయమే. వరి కోతలు పూర్తయి, ధాన్యం ఇల్లు చేరిన తరువాత బాట తెరుచుకుంటుంది. తొలకరి పడగానే మూసుకుంటుంది. భీముడు మళ్ళీ నాగలి పడతాడు, ద్రౌపది నారు తీయడానికి మడిలో దిగుతాడు. ఈ మధ్యకాలంలో కూడా అన్ని రాత్రులూ ఆటకు దక్కవు. ఎండలు ముదిరే వేళకు ఇప్పపూలు రాలుతాయి. వాటిని తెల్లవారుజామునే ఏరుకోవాలి. ఆ పూలు బస్తర్ పేద కుటుంబానికి చేతి ఖర్చు. రాత్రంతా ఆడినవాడు తెల్లవారి అడవికి వెళ్ళలేడు. అడవికి వెళ్ళదలచినవాడు రాత్రంతా ఆడలేడు. కళకూ కడుపుకూ మధ్య తగవు ఇంత సూటిగా కనిపించే చోట్లు అరుదు.

పిలుపు చాలాసార్లు సంతలో అందుతుంది. బస్తర్ జీవితానికి వారపు సంతలే కూడళ్ళు. ఉప్పు కొనడానికి వచ్చినవారే నాటకం కబురు కూడా మోసుకుపోతారు. ఫలానా ఊరివారు ఫలానా రాత్రి ఆట కోరుతున్నారని తెలియగానే సామాను సర్దుడు మొదలవుతుంది. కిరీటాలు, గదలు, కత్తులు, ముఖతొడుగులు, కుచ్చులు కుట్టిన మఖమలు దుస్తులు పెట్టెల్లోకి చేరతాయి. పూర్వం ఇవన్నీ కావళ్ళ మీద, ఎద్దుబండ్ల మీద సాగేవి. తరువాత సైకిళ్ళు వచ్చాయి. ఇప్పుడు ట్రాక్టరు తొట్టిలోనో, అద్దె వ్యానులోనో సామానుతో పాటు మనుషులూ కూర్చుంటారు. సౌకర్యం పెరిగింది, దానితో పాటు ఖర్చూ పెరిగింది. కాలినడకకు బాడుగ ఉండేది కాదు. వ్యానుకు మాత్రం ఆట పండినా ఎండినా బాడుగ చెల్లించక తప్పదు.

ఆట జరిగే ఊరు చేరిన తరువాత నాలుగు గుంజలు పాతి పైన కప్పు వేస్తే వేదిక సిద్ధం. ప్రేక్షకులు చుట్టూ నేల మీద కూర్చుంటారు. గణపతికీ సరస్వతికీ వందనం చేసి ఆట ప్రారంభిస్తారు. చలికాలపు మంచుకు మృదంగం తోలు మెత్తబడుతుంది, దానిని నెగడు దగ్గర కాచుకోవాలి. మోహరి పీక తడి ఆరితే స్వరం పలకదు, దానిని నోట నానబెట్టుకోవాలి. ఊదేవాడు బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, స్వరం తెగకుండా చూసుకోవాలి. నటుడు తన ఘట్టం ముగిశాక కాసేపు పక్కకు తప్పుకొని కునుకు తీయవచ్చు. వాద్యకారునికి ఆ అవకాశం చిక్కదు. వేషాలు మారుతూనే ఉంటాయి, వాద్యం మారదు. తెల్లవారిన తరువాత రంగు కడుగుకొని, ఏ చెట్టు నీడనో ఒరిగి, మరొక పిలుపు ఉంటే మరొక ఊరికి, లేకుంటే ఇంటికి బయలుదేరతారు.

ఇక సంపాదన సంగతి. పిలిచిన ఊరు భోజనం పెడుతుంది, కొంత సొమ్ము ముట్టచెబుతుంది. ఆట మెచ్చినవారు నడుమ నడుమ చదివింపులు చేస్తారు. ఆ సొమ్ములో బండి బాడుగ పోవాలి, చిరిగిన దుస్తులకు, ఊడిన కిరీటపు రంగుకు ఖర్చు తీయాలి. మిగిలినది ఇరవై ముప్పై మంది పంచుకోవాలి. లెక్క కట్టి చూస్తే నాట్ ఎవరి పూటా గడపదు. అయినా ఆడతారు. పొరుగూరివారి ఆట తమ ఆటకంటె మిన్నగా ఉన్నదన్న మాట పడలేక ఆడతారు. తండ్రి వేసిన అర్జున వేషం కొడుకు వేయాలన్న పట్టుదలతో ఆడతారు. అన్నిటికంటె ముఖ్యంగా, మరుసటి ఊరు పిలుస్తుందన్న నమ్మకంతో ఆడతారు. బాట మీద బ్రతికే ప్రతి బృందానికీ మూలధనం ఆ నమ్మకమే.

ఈ బాట ఎంత దూరం పోతుందో గమనించండి. నగర్‌నార్‌కు తూర్పున కొద్ది దూరంలోనే ఒడిశాలోని కోరాపుట్ జిల్లా మొదలవుతుంది. ఆ జిల్లాలోని కోట్‌పాడ్ 18వ శతాబ్దిలో బస్తర్ రాజుల చేతి నుండి జయపురం రాజుల చేతికి పోయింది. జయపురం సంస్థానం ఉన్న కోరాపుట్ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా నుండి విడివడి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. బస్తర్ సంస్థానం 1948 జనవరి 1న మధ్యరాష్ట్రాలు, బేరారులో విలీనమయింది. 1950 నుండి మధ్యప్రదేశ్‌లో ఉండి, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్‌లో భాగమయింది. పాలనలు ఇన్ని మారినా భత్రీ భాష మాత్రం గీతకు ఇరువైపులా నిలిచి ఉన్నది. అటు ఒడియాకూ, ఇటు బస్తర్‌లో పలువురి ఉమ్మడి భాష అయిన హల్బీకీ నడుమ వారధి వంటిది అది. భత్రా నాట్‌కు ఒడిశా వైపున తోబుట్టువు వంటిది దేశియా నాట్. పాత గురువుల పాఠాల్లో చాలావరకు ఒడియా లిపిలో వ్రాసుకున్నవే. నేడు నగర్‌నార్ బడిపిల్లలు హిందీని దేవనాగరి లిపిలో నేర్చుకుంటున్నారు. తాతగారి పుస్తకం మనుమడి చేతిలో ఉన్నా కంటికి అందదు. గురువు నోట పలికినప్పుడే అది అతనికి అందుతుంది. గురువు బాట మానుకుంటే పుస్తకం ఉండి కూడా లేనట్లే.

తెలుగువారికి ఈ ప్రాంతం పరాయిది కాదు. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇంద్రావతీ తీరానికి తరలివచ్చి బస్తర్ రాజవంశాన్ని స్థాపించాడని సంప్రదాయం చెబుతున్నది. ఆ ఇంద్రావతి చివరకు చేరేది గోదావరినే. బైలాడిలా ఇనుప ఖనిజం కొండలు దిగి జగదల్‌పూర్, కోరాపుట్, అరకు మీదుగా రైలులో విశాఖకు చేరుతుంది. అరకు లోయలో గిరిజనులు ధింసా ఆడేటప్పుడు మ్రోగే వాద్యాల్లో మోరి ఒకటి. మోహరి, మోరి అన్న పేర్ల పోలిక చెవికే తెలిసిపోతుంది.

బాటను ఇల్లుగా చేసుకున్న బృందాలు మన నేలలోనూ తక్కువ కాదు. వనారస గోవిందరావు గారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ప్రదర్శించి సురభి నాటక సమాజానికి నాంది పలికారు. ఇంట మరాఠీ మాండలికం మాట్లాడే ఆ కుటుంబాలు వేదిక మీద తెలుగు పద్యానికి వన్నె తెచ్చాయి. ముగ్గురే ముగ్గురు సభ్యులతో సాగే బుర్రకథ దళానికి దేశఖ్యాతి తెచ్చిన షేక్ నాజర్ గారు దూదేకుల కుటుంబంలో జన్మించారు. పల్నాటి వీరుల కథను ఊరూరా వినిపించి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఎవరి ఇంటి భాష ఏది, ఎవరి మతం ఏది అని అడిగి జనం వారి ఆట చూడలేదు. కీచక వధ కడపలో తెలుగులో, నగర్‌నార్‌లో భత్రీ కలిసిన ఒడియాలో సాగింది. అవమానితురాలైన స్త్రీకి న్యాయం జరగాలన్న ఆరాటం ఇరుచోట్లా ఒక్కటే.

ఇంతవరకు చెప్పుకున్నది సంతోషించవలసిన సంగతి. ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉన్నది. బస్తర్‌లోనూ కోరాపుట్‌లోనూ పెండ్లికి, జాతరకు మోహరి ఊదుతూ వచ్చినవారు ఎక్కువగా గండా, డోమ్ మొదలైన కులాలవారు. ఆ కులాలు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నాయి. వారి వాద్యం మ్రోగనిదే పెండ్లి ఊరేగింపు కదలదు, దేవత పల్లకి లేవదు. అయినా వాద్యం ఆగిన తరువాత ఆ వాద్యకారుడు ఎక్కడ కూర్చుని అన్నం తినాలన్న ప్రశ్న తరతరాలుగా అతనిని వెంటాడింది. అతని స్వరం గుడిముందుకు చేరేది, అతనిని మాత్రం దూరంగా నిలిపేవారు. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో పార్లమెంటు దానిని శిక్షార్హమైన నేరంగా శాసించింది. శాసనం చేయవలసిన పని శాసనం చేసింది. పంక్తిలో చోటు చూపవలసిన పని ఊరిది.

ఇటువంటి విషయంలో బాట ఒక మంచి బడి. సొంత ఊరిలో ఎవరి అరుగు వారిదే. దారిలో అందరికీ చెట్టు నీడ ఒక్కటే, నెగడు ఒక్కటే, వండుకునే కుండ ఒక్కటే. గద పట్టే భీముడు, మోహరి ఊదే వాద్యకారుడు ఒకే బండిలో ఒరిగి కూర్చుంటారు. ఒకరు తప్పితే రెండవవాని ఆట చెడుతుందని ఇద్దరికీ తెలుసు. ఆ తెలివిడిని ఊరిలోకి తిరిగి మోసుకువస్తేనే ప్రయాణం ఫలించినట్లు. ఆడించిన ఊరు వేసే అడ్డాకు విస్తళ్ళు అందరికీ ఒకే వరుసలో పడ్డాయా, సొమ్ము పంచినప్పుడు వాద్యకారుని వంతు నటుని వంతుతో సమానంగా ఉన్నదా అన్నవి చిన్న ప్రశ్నలుగా తోచవచ్చు. జాతీయ సమైక్యత పరీక్షకు నిలిచేది ఇటువంటి ప్రశ్నల దగ్గరే.

కాలం తెచ్చిన మార్పు కూడా ఈ బాట మీదికి వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ నగర్‌నార్‌లో నిర్మించిన ఉక్కు కర్మాగారంలో 2023 ఆగస్టులో తొలి ద్రవ ఇనుము వెలువడింది. అదే ఏడాది అక్టోబరు 3న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏటా 30 లక్షల టన్నులు. జీతం వచ్చే పని దొరకడం ఏ కుటుంబానికైనా మేలే. దానిని కాదనడం న్యాయం కాదు. కాని రాత్రి పాళీ, రాత్రి ఆట ఒకే మనిషికి కుదరవు. మరొక వైపు పెండ్లిళ్ళలో పెద్ద పెద్ద ధ్వనిపెట్టెలు మోహరి చోటును ఆక్రమిస్తున్నాయి. ఒక్కసారి అద్దెకు తెస్తే చాలు, వాటికి అన్నం పెట్టనక్కరలేదు, పంక్తిలో చోటు చూపనక్కరలేదు. మోహరి మానుకున్న వాద్యకారుని కొడుకు పాత అవమానం తప్పిందని సంతోషించవచ్చు. అతని సంతోషం న్యాయమైనదే. విద్య పోకుండా అవమానం మాత్రమే పోయే మార్గం చూపలేకపోతే ఆ లోటు సమాజానిది.

ఆ మార్గంలో విద్యాలయాలు చేయగలిగిన పనులు ఉన్నాయి. ఒడియా లిపిలో ఉన్న నాట్ పాఠాలను గురువుల నోట చదివించి, దేవనాగరిలోకీ ఇతర భారతీయ లిపుల్లోకీ ఎత్తి వ్రాయవచ్చు. కళాశాల వార్షికోత్సవానికి ఇటువంటి బృందాన్ని పిలిచినప్పుడు బండి బాడుగ ముందుగానే పంపవచ్చు. ఒక ఘట్టం ఆడించి పంపివేయకుండా ఒక పూర్తి రాత్రిని ఆటకు కేటాయించవచ్చు. సన్మాన పత్రంలో నటుల పేర్లతో పాటు మోహరి, మృదంగం వాయించినవారి పేర్లూ వ్రాయవచ్చు. భోజనానికి అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టవచ్చు. వీటికి పెద్ద నిధులు అవసరం లేదు.

నగర్‌నార్ దారుల్లో సాగే బృందం ఏ సిద్ధాంతాన్నీ బోధించడానికి బయలుదేరదు. కీచకుణ్ణి చంపడానికి బయలుదేరుతుంది. ఆ దారిలోనే రెండు రాష్ట్రాలను, మూడు భాషలను, పలు కులాలను ఒక రాత్రిపాటు ఒకచోట కూర్చోబెడుతుంది. తెల్లవారిన తరువాత కూడా వారు కలిసి కూర్చునేటట్లు చూడడం ఆట చూసినవారి బాధ్యత.