కారు ఒక ప్రక్కకు లాగుట



ఎడ్లబండిని గూర్చి మన పెద్దలకు చెప్పవలసినదేమియు లేదు. తిన్నని బాటమీద బండి దాపటి వైపునకు పోవుచున్నచో, తోలువాడు మొదట దాపటి యెద్దును చూచును. అది వెనుకబడుచున్నదా? కాడి మెడమీద సరిగా నున్నదా? పిమ్మట దిగి, ఇరుసునకు కందెన యున్నదో లేదో, చక్రము పట్టి తిరుగుచున్నదేమో చూచును. ఇంతయు చూచిన తరువాతనే వడ్రంగి యింటికి పోవును. కారు విషయమున మాత్రము మన మీ క్రమమును మరచుచున్నాము. నేను మరచితిని. అందుచేతనే యీ ప్రసంగము.

మిరపకోతల దినములలో ఒకనాడు గుంటూరు మిర్చియార్డులో టిక్కీల లెక్క చూచుకొని, నా మనుమడు కారు నడుపగా ఒంగోలు వైపునకు బయలుదేరితిమి. పెద్దబాట యెక్కినది మొదలు కారు మాటిమాటికి ఎడమ అంచునకు పోవుచుండెను. "నిద్ర వస్తోందట్రా?" అని రెండుమారులు గద్దించితిని. "లేదు తాతయ్యా, నేను కుడికి పట్టుకొనే ఉన్నాను. కాస్త వదిలితే అదే పోతోంది" అని వాడనెను. నేను నమ్మలేదు. అంతకుముందు రెండు నెలలలో రెండుమారులు రుసుము చెల్లించి చక్రముల అలైన్‌మెంటు చేయించి యుంటిని. ఇక దోషము కారులో నెట్లుండునని నా వాదము.

చిలకలూరిపేటలో టీకి ఆగినపుడు వాడు దిగి, నాలుగు చక్రములకును దగ్గరగా చేయి పెట్టి చూచి, నన్ను పిలిచెను. మూడు చక్రములు గోరువెచ్చగా నున్నవి. ముందరి యెడమచక్రము నుండి మాత్రము పొయ్యి సెగ వచ్చుచున్నది. బ్రేకులో పలకను నొక్కు పిస్టను త్రుప్పుపట్టి బిగుసుకొని, కాలు తీసినను పలక చక్రపు బిళ్లను వదలుట లేదు. దానిని విప్పి, శుభ్రము చేసి, లోపలి రబ్బరు సీలు మార్చిన పిమ్మట కారు సూటిగా నడచినది. అలైన్‌మెంటునకు పెట్టిన సొమ్ము రెండుమారులును వృథా. మనుమనితో అనవలసిన మాట ఆ రాత్రి భోజనముల వేళ అంటిని.

ఏ ప్రక్క వెనుకకు పట్టబడునో ఆ ప్రక్కకే వాహనము తిరుగును. ఎద్దు వెనుకబడినను, గాలి తగ్గినను, బ్రేకు పట్టినను ఇదియే న్యాయము. అయితే ఇందులో నొక మెలిక కలదు. బ్రేకు త్రొక్కినపుడు మాత్రమే కారు కుడికి లాగుచున్నదనుకొనుడు. అప్పుడు కుడి బ్రేకు పనిచేయుచున్నది. ఎడమది పట్టుట లేదు. కారు లాగినది కుడికి, దోషము తరచుగా ఎడమలో! ఎటు లాగునో అటే విప్పుచు కూర్చున్న మేస్త్రీలను నేనెరుగుదును. కావున "ఎటు లాగుచున్నది" అనుటకంటె "ఎప్పుడు లాగుచున్నది" అనునదే ముందుగా అడుగవలసిన ప్రశ్న. ఎక్సలేటరు బలముగా త్రొక్కినపుడు మాత్రమే కొంచెము లాగుట, ముందుచక్రములకే ఇంజను బలమందు కొన్ని కార్లకు పుట్టుకతో వచ్చిన గుణము.

ఎల్లప్పుడును లాగుచున్నచో మొదట బాటను అనుమానింపుడు. వాననీరు నిలువకుండ రోడ్డును అంచువైపు వాలుగా వేయుదురు. మనము ఎడమప్రక్కన నడుపువారము గనుక కారు కొంచెము ఎడమకు జారుట సహజము. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించి నెఱ్ఱెలు వారు నేల. అందుచేత మన రోడ్ల అంచులు క్రుంగి వాలు మరింత హెచ్చును. బండ్లు లేని సమతలమున మెల్లగా నడిపి చూచినచో నిజము తెలియును. వాలు ఎడమకుండగా కారు కుడికి లాగినచో మాత్రము బాటను నిందింప పనిలేదు.

తరువాత గాలి. ప్రొద్దుననే, కారు కదలకముందు, చల్లని టైర్లకు చూడవలెను. పరుగెత్తి వేడెక్కిన టైరు ఎక్కువ చూపును. ఎంత గాలి యుండవలెనో సామాన్యముగా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో నుండును. గాలి సరిగా నున్నను లాగినచో, ముందరి రెండు చక్రములను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చుడు. (బాణపుగుర్తు గల టైర్లకు ఇది పనికిరాదు.) లాగుడు కూడ ప్రక్క మారినచో తప్పు టైరుదే. రేడియల్ టైరు చూపునకు క్రొత్తదైనను, ఒక అంచు రెండవదానికంటె రవంత చిన్నదైనచో గరాటువలె ఆ ప్రక్కకు దొర్లును. ఈ పరీక్షకు జాకీయు, పానాయు, అరగంట కాలమును చాలును.

వీటన్నిటి పిమ్మట అలైన్‌మెంటు. చక్రపు తల బయటికి ఎక్కువగా వాలిన ప్రక్కకు కారు లాగుట నిజమే. ఆ కొలతలు యంత్రము చూపవలసినవే. కాని కీళ్లలోను, బుష్‌లలోను వదులున్నచో ఆ కొలతలు మరునాటికి నిలువవు. "ముందు వదులు చూడండి, తరువాత కొలవండి" అని మేస్త్రీతో చెప్పుడు. టైరు ఒక అంచున మాత్రమే అరిగినదేమో మీరే వ్రేలితో తడిమి చూచుకొనవచ్చును.

ఇంతవరకు సూటిగా వచ్చుచున్న కారు ఉన్నట్లుండి లాగినచో ఈ పరీక్షలకు వేళ కాదు. టైరు గాలి పోవుచున్నదని యెంచుడు. బ్రేకు గట్టిగా త్రొక్కక, స్టీరింగును రెండుచేతుల బిగబట్టి, ఎక్సలేటరు నుండి కాలు తీసి, వేగము తగ్గిన పిమ్మట అంచునకు చేర్చుడు. ఎండకాలమున ఇట్టిది జరిగి, తీరా దింపిన స్టెప్నీలో గాలి లేక గంటల తరబడి దారిప్రక్క నిలిచినవారెందరో కలరు. నాలుగు టైర్లకు గాలి చూపించునపుడు ఐదవదానికి కూడ చూపించుడు.